రెండు లక్షల గంటల వృథా శ్రమ

హంబన్‌టోట అనగానే దక్షిణాసియా రాజకీయాలను గమనించేవారికి ముందుగా స్ఫురించేది రేవు. అప్పు తెచ్చి కట్టిన రేవు గిట్టుబాటు కాక, 2017లో దానిని చైనా సంస్థకు 99 ఏళ్ల కౌలుకు అప్పగించిన కథ పత్రికలు చదివే అందరికీ తెలిసినదే. ఆ రేవు ఊహకైనా రాని కాలంలో, 1908 ఆగస్టులో, అదే ఊరికి అసిస్టెంట్ గవర్నమెంట్ ఏజెంట్ హోదాలో ఇరవై ఏడేళ్ల ఇంగ్లీషు యువకుడు ఒకడు వచ్చి దిగాడు. సుమారు వెయ్యి చదరపు మైళ్ల నేల, అందులో అధిక భాగం అడవి. ఎండిన చెరువులు, సముద్రపు ఒడ్డున ఉప్పు కయ్యలు, లక్ష మంది జనం. వీరందరికీ ఆయనే కలెక్టరు, ఆయనే మేజిస్ట్రేటు, రోడ్లకూ బడులకూ పశువుల జబ్బులకూ ఆయనే జవాబుదారు. ఎండలకు కయ్యలలో గట్టిపడిన ఉప్పును వాన పడేలోగా పోగు చేయించి ప్రభుత్వ గిడ్డంగికి చేర్చడం ఆయన ముఖ్య విధులలో ఒకటి. ఉప్పు ప్రభుత్వ గుత్తసొత్తు. దొర నౌకరీలో ఆయన ఆ గుత్తాధిపత్యాన్ని ఎంత సమర్థంగా నడిపారో చూసి పైఅధికారులు మెచ్చుకున్నారు. ఇరవై ఏళ్ల తరువాత దండి సముద్రతీరంలో ఒక పిడికెడు ఉప్పు ఏం చేసిందో తెలిసినవారికి ఈ వివరం చిన్నదిగా కనిపించదు.

ఆ యువకుడి పేరు లెనార్డ్ వుల్ఫ్. సాహిత్య లోకానికి ఆయన ప్రధానంగా వర్జీనియా వుల్ఫ్ భర్త. ఆమె మతిస్థిమితాన్ని కంటికి రెప్పలా కాపాడిన వ్యక్తిగానో, ఆమెను నిబంధనల చట్రంలో బిగించిన కాపలాదారుగానో, వ్రాసేవారి పక్షాన్ని బట్టి ఆయన చిత్రం మారుతూ ఉంటుంది. ఆ తగవు తెగేది కాదు. ఆయన నవలాకారుడు, ప్రచురణకర్త, లండన్ వారపత్రికకు ఏడేళ్లు సాహిత్య సంపాదకుడు, లేబర్ పార్టీకి పాతికేళ్లు జీతం లేని సలహాదారు. సిలోన్ నుంచి మొదలై సిలోన్‌కే తిరిగి వచ్చే ఆయన జీవితపు ఈ పార్శ్వాన్ని దక్షిణాసియా పాఠకులు ఎందుకో అంతగా పట్టించుకోలేదు.

1880 నవంబరు 25న లండన్‌లో ఒక యూదు న్యాయవాది ఇంట ఆయన జన్మించారు. పదకొండేళ్లప్పుడు తండ్రి పోయారు. సంపన్న గృహం ఒక్కసారిగా పొదుపు గృహమైపోయింది. చదువంతా ఉపకారవేతనాలమీద సాగింది. కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో లిటన్ స్ట్రేచీ, కీన్స్ వంటివారు మిత్రులైనారు, తత్త్వవేత్త జి.ఇ. మూర్ గురుతుల్యుడైనాడు. ఆ మేధావి బృందంలో ఆయన సభ్యుడే, కానీ పూర్తిగా లోపలివాడు కాదు. పుట్టుకచేత యూదుడు, స్థితిచేత జీతం మీద బతకవలసినవాడు. సివిల్ సర్వీసు పరీక్షలో ఆశించిన స్థానం దక్కలేదు. స్వదేశంలో మంచి కొలువు దొరకే వీలు లేక 1904లో ఓడ ఎక్కారు. వెంట ఒక కుక్క, వోల్టేర్ సమగ్ర రచనల 90 సంపుటాలు. మతాధిపత్యాన్నీ నిరంకుశత్వాన్నీ ఎండగట్టిన రచయిత గ్రంథాలను పెట్టెలకెత్తుకుని పరాయి జాతిని పాలించడానికి బయలుదేరడంలోని వైచిత్రి ఆనాడు ఆయనకు తట్టలేదు. తరువాత తట్టింది.

మొదటి మజిలీ జాఫ్నా. అక్కడ తమిళం పట్టుబడింది. తరువాత దక్షిణాదిన సింహళం కూడా అబ్బింది. ఆ ద్వీపపు రెండు భాషలూ తెలిసిన అధికారిగా ఆయన తయారైనారన్న సంగతిని గుర్తు పెట్టుకోవాలి. జాఫ్నాలోనే ఒక చిన్న ఉదంతం జరిగింది. ఊరి పెద్ద వీధిలో గుర్రం మీద వెళుతున్న ఈ దొర, ఎదురుగా బండిలో వస్తున్న పేరున్న తమిళ న్యాయవాదిని కావాలని చెర్నాకోలతో మొహం మీద కొట్టాడని జాఫ్నా తమిళ సంఘం ప్రభుత్వానికి ఫిర్యాదు పంపింది. సంజాయిషీ అడిగారు. తాను ఎవరినీ కొట్టలేదని, ఒక ఇంటి వసారా రోడ్డు మీదికి చొచ్చుకుని వచ్చిందని పైఅధికారికి చూపడానికి చెర్నాకోల ఎత్తానని, ఆ క్షణంలో ఆ బండి పక్కనుంచి పోయిందని ఆయన జవాబు వ్రాశారు. వాస్తవం అంతే కావచ్చు. కాని అర్ధశతాబ్దం తరువాత స్వీయచరిత్రలో ఆయన ఆ ఘటనను మళ్లీ తిరగేసి చూసి, ఫిర్యాదు చేసినవారిదే న్యాయమన్న నిర్ణయానికి వచ్చారు. కొరడా తగిలిందా లేదా అన్నది కాదు ప్రశ్న. ఆ వీధిలో, ఆ గుర్రం మీద, ఆ ఎత్తున తాను కూర్చుని ఉండటమే వాళ్లకు మొహం మీద దెబ్బ అని ఆయన గ్రహించారు. ఇండియాలో పనిచేసి పింఛను పుచ్చుకుని స్మృతులు వ్రాసిన దొరలు చాలామంది ఉన్నారు. వారిలో ఇటువంటి వాక్యం వ్రాయగలిగినవారిని వేళ్ల మీద లెక్కించవచ్చు.

కాండీలో ఆయన మీద పడిన పనులలో ఉరిశిక్షల అమలు పర్యవేక్షణ ఒకటి. ఒక పక్క రాజవంశీకులైన అతిథులకు బుద్ధుని దంతధాతువు చూపించడం, మరో పక్క తెల్లవారుజామున జైలుకు వెళ్లి ఉరికంబం వద్ద నిలబడి సైగ చేయడం. ఆ దృశ్యాలను ఆయన అలంకారాలు లేకుండా వర్ణించారు. మరణశిక్షను జీవితాంతం వ్యతిరేకించారు. హంబన్‌టోటకు వచ్చేసరికి పశువులకు ముసర వ్యాధి సోకింది. జబ్బు పడిన పశువులను వేరుచేయాలి, విచ్చలవిడిగా తిరిగేవాటిని కాల్చివేయాలి. ప్రాణహింస పాపమని నమ్మే బౌద్ధ గ్రామాలలో, ఎద్దు పోతే సేద్యమే పోయే రైతుల మధ్య, ఆయన తుపాకి పట్టుకుని ఊరూరా తిరిగారు. శాస్త్రం ఆయన పక్షాన ఉంది. జనం లేరు. తాను చేసేది వారి మేలు కోసమేనని ఎంత నమ్మినా, వారి సమ్మతి లేకుండా చేసే మేలు వారికి దెబ్బగానే తగులుతుందన్న ఎరుక ఆయనకు ఈ రోజుల్లోనే మొదలైంది.

అయితే దీనిని మరీ నున్నగా చెప్పకూడదు. ఆయన సామ్రాజ్యవాదాన్ని ఛీకొట్టి రాజీనామా విసిరి వచ్చిన వీరుడు కాదు. 1911లో ఏడాది సెలవు మీద లండన్ వెళ్లారు. మిత్రుడి చెల్లెలు వర్జీనియా స్టీఫెన్ మీద మనసుపడ్డారు. ఆమె అవునని గాని కాదని గాని తేల్చలేదు. సెలవు పొడిగించమంటే ప్రభుత్వం కారణం అడిగింది. ఆ కారణం చెప్పడానికి ఇష్టపడక 1912లో ఉద్యోగం వదులుకున్నారు. ఆగస్టు 10న వివాహం జరిగింది. ఆమె కాదంటే హంబన్‌టోటకే తిరిగిపోయి అక్కడే జీవితం గడిపేవాడినని ఆయనే ఒప్పుకున్నారు. పాలన ఆయనకు ఇష్టమైన పనే. దానిలోని అధికారం మీద మోజూ, దాని మీద ఏవగింపూ రెండూ ఏకకాలంలో ఆయనలో పెరిగాయి. ఆ తరువాతి రాతలన్నిటికీ పదును ఆ మోజును దాచకపోవడం వల్లనే వచ్చింది.

1913లో వెలువడిన తొలి నవల ‘ద విలేజ్ ఇన్ ద జంగిల్’లో ఇంగ్లీషు పాత్రలు దాదాపు లేవు. అడవి నడుమ పది గుడిసెల ఊరు. సిలిందు అనే వేటగాడు, అతని కవల కూతుళ్లు, ఊరి మునసబు, వడ్డీ వ్యాపారి. బతుకుతెరువు పోడు. అడవి కొట్టి, కాల్చి, విత్తు చల్లుకునే ఆ సేద్యానికి సర్కారు పర్మిట్టు కావాలి. పర్మిట్టు మునసబు చేతిలో ఉంది. గింజలు వడ్డీ వ్యాపారి చేతిలో ఉన్నాయి. ఇక వివరించనక్కరలేదు. అడవి నేల పట్టాల కోసం దశాబ్దాలుగా సాగుతున్న పోరాటాలను ఎరిగిన తెలుగు పాఠకుడికి ఆ ఊరు ఎక్కడో దక్షిణ సిలోన్‌లో ఉందని గుర్తు చేయవలసి వస్తుంది. చివరకు సిలిందు తుపాకి పట్టి ఆ ఇద్దరినీ చంపుతాడు. కోర్టులో తెల్లదొర న్యాయం చేయాలనే చూస్తాడు, కాని ఆయనకు కనబడేది కాగితాలలోకి ఎక్కిన సంగతి మాత్రమే. ఊరు ఖాళీ అవుతుంది, అడవి దానిని మింగివేస్తుంది. గ్రామీణులను మృగప్రాయులుగా చూపాడన్న విమర్శ ఈ నవల మీద లేకపోలేదు, అందులో కొంత పస కూడా ఉంది. కాని పాలితుల పక్షాన నిలిచి, మంచి అధికారి సైతం ఎంత గుడ్డివాడో చెప్పిన వలస పాలకుడి నవల అంతకుముందు ఇంగ్లీషులో కనబడదు. సింహళంలోకి ‘బద్దేగమ’గా అనువాదమై శ్రీలంక తన సొంత సాహిత్యంగా స్వీకరించిందీ పుస్తకాన్ని. లెస్టర్ జేమ్స్ పీరిస్ దానిని సినిమాగా తీసినప్పుడు, కొలంబోలో స్థిరపడిన వైజ్ఞానిక రచయిత ఆర్థర్ సి. క్లార్క్ న్యాయాధికారి వేషం వేశాడు.

1915లో సిలోన్‌లో సింహళ బౌద్ధులకూ ముస్లింలకూ మధ్య అల్లర్లు రేగాయి. ప్రభుత్వం సైనిక శాసనం విధించి, కాల్పులు జరిపి, మద్యనిషేధ ఉద్యమ నాయకులను జైళ్లలో పెట్టింది. విచారణ కోరుతూ డి.బి. జయతిలక, ఇ.డబ్ల్యు. పెరీరా లండన్ చేరినప్పుడు వారికి అండగా నిలిచిన కొద్దిమంది ఇంగ్లీషువారిలో ఈ మాజీ అధికారి ఒకరు. పత్రికలకు వ్రాశారు, పార్లమెంటు సభ్యులను కదిలించారు, వారి వెంట కాళ్లరిగేలా తిరిగారు. వారు కోరిన రాయల్ కమిషన్ రాలేదు. వినతిపత్రం ఎంత పకడ్బందీగా ఉన్నా, వినవలసినవాడు చెవి ఒగ్గకపోతే కాగితమేనన్న పాఠం అప్పటికే ఆయనకు బోధపడి ఉండాలి.

అయినా ఆయన నమ్మినది కాగితాన్నే. 1917లో రిచ్‌మండ్‌లోని తమ ఇంటి భోజనాల గదిలో, 19 పౌండ్ల 5 షిల్లింగుల 5 పెన్సులు పోసి కొన్న చేతిముద్రణ యంత్రాన్ని ఆ దంపతులు బిగించారు. మానసిక రుగ్మత నుంచి కోలుకుంటున్న వర్జీనియాకు అక్షరాలు పేర్చే పని మందులా పనిచేస్తుందన్నది ఆయన ఆశ. పుట్టుకతో చేతుల వణుకు ఉన్న ఆయన టైపు పేర్చలేరు. ఆమె పేర్చేది, ఆయన యంత్రం తిప్పేవారు. మొదటి పుస్తకం నూట యాభై ప్రతులు. ఆ భోజనాల గదినుంచే హోగార్త్ ప్రెస్ పుట్టింది. కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ కథ, ఎలియట్ ‘వేస్ట్ లాండ్’, ఫ్రాయిడ్ రచనల అనువాదాలు అక్కడినుంచే వెలువడ్డాయి. ఇవన్నీ సాహిత్య చరిత్రలన్నీ చెబుతాయి. అంతగా చెప్పనివి మరికొన్ని ఉన్నాయి. 1857లో ఇంగ్లీషువారు సాగించిన ప్రతీకార హింసను స్వజాతికి గుర్తుచేస్తూ ఎడ్వర్డ్ థాంప్సన్ వ్రాసిన పుస్తకాన్ని 1925లో అచ్చువేసినది ఈ ప్రెస్సే. కెన్యాలో నేలలు లాక్కున్న తీరు మీద నార్మన్ లేస్ గ్రంథం, వెస్టిండీస్ స్వపరిపాలన కోసం యువకుడైన సి.ఎల్.ఆర్. జేమ్స్ వ్రాసిన కరపత్రం ఇక్కడివే. 1940లో అహ్మద్ అలీ ‘ట్విలైట్ ఇన్ ఢిల్లీ’ కూడా ఈ సంస్థదే. ఫోర్‌స్టర్ ఇండియా నవలను మధ్యలో వదిలివేసే స్థితిలో ఉన్నప్పుడు పూర్తి చేయమని వెంటబడినది కూడా లెనార్డే. రచయితగా ఆయన స్థాయి గురించి భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. ఇతరులచేత వ్రాయించడంలో మాత్రం ఆయనకు సాటి కొద్దిమంది.

1923లో కీన్స్ బృందం ‘నేషన్ అండ్ అథీనియం’ వారపత్రికను చేజిక్కించుకుంది. సాహిత్య సంపాదకత్వం ముందు ఎలియట్‌కు ఇవ్వజూపారు. బ్యాంకు ఉద్యోగం వదలి రావాలంటే కొన్నేళ్ల హామీ కావాలని ఆయన తటపటాయించడంతో, ఆ కుర్చీ వుల్ఫ్‌కు దక్కింది. ఏడేళ్లపాటు వారం వారం పుస్తకాలు రావడం, వాటిని తగినవారికి పంపడం, గడువు దాటనివ్వకపోవడం, వచ్చినదానిని చదివి కత్తిరించడం, తన ‘వరల్డ్ ఆఫ్ బుక్స్’ శీర్షిక నింపడం. వర్జీనియా, ఫోర్‌స్టర్, ఎడ్విన్ మ్యూర్ ఆ పుటలకు వ్రాసేవారు. సమీక్షలు వ్రాసి బతికే యువ కవులకు అవి నెల గడిచే దారి. పైసా లెక్కల్లో ఆయన ఎంత కఠినుడో ప్రెస్సులో పనిచేసినవారు విసుక్కుంటూ చెప్పుకున్నారు. చిల్లర ఖర్చు చిట్టాలో తేడా వస్తే ఆఫీసంతా కంపించేది. హంబన్‌టోటలో ఉప్పు బస్తాలు లెక్కించిన చేయి అదే. సంపాదకుడి లోపలి అధికారి ఎప్పుడూ నిద్రపోలేదు.

తరువాత ‘పొలిటికల్ క్వార్టర్లీ’ త్రైమాసిక సంపాదకత్వం 1931 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు. వీటన్నిటికీ సమాంతరంగా, పైకి కనిపించని మరో సంపాదకత్వం సాగింది. లేబర్ పార్టీ అంతర్జాతీయ వ్యవహారాల సలహా సంఘానికీ, 1924 నుంచి విడిగా ఏర్పడిన సామ్రాజ్య వ్యవహారాల సలహా సంఘానికీ ఆయనే కార్యదర్శి. మాజీ ఐ.సి.ఎస్. అధికారులు, ఆచార్యులు, కొందరు పార్లమెంటు సభ్యులు పార్లమెంటు భవనంలోని ఒక గదిలో కూర్చుని చర్చిస్తారు; ఆయన ఆ చర్చను నివేదికగా మలుస్తారు; నివేదిక పార్టీ కార్యవర్గానికి పోతుంది. ఇండియాకు స్వపరిపాలన ఇవ్వాలని, సిలోన్‌కు ఇవ్వాలని, ఆఫ్రికాలో నేలలు అక్కడివారివేనని, ఏళ్ల తరబడి వ్రాశారు. ఆ పార్టీ రెండుసార్లు గద్దెనెక్కింది. 1924 ప్రభుత్వం పది నెలలు కూడా నిలవలేదు. 1929లో వచ్చినది మీరట్ కుట్ర కేసును కొనసాగించింది. 1930 మే నెలలో ఉప్పు సత్యాగ్రహం చేసినందుకు గాంధీని యరవాడ జైలులో పెట్టినప్పుడు లండన్‌లో అధికారంలో ఉన్నది ఆ పార్టీయే. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు తీర్మానాలుగా పనికివచ్చిన నివేదికలు అధికారం చేతికి రాగానే బీరువాల్లోకి చేరడం ఇంగ్లండుకే ప్రత్యేకం కాదు.

ఆ నివేదికలలో ఒకటి 1938 నవంబరు నాటిది. సిలోన్ రాజ్యాంగ సంస్కరణల కోసం వచ్చిన కోరికల మీద వుల్ఫ్ తయారుచేసిన పత్రం. సందర్భం ఇది: 1931లోనే ఆ ద్వీపానికి సార్వజనిక వయోజన ఓటు హక్కు వచ్చింది. ఆసియాలో అది మొదటిసారి. 1936లో ఏర్పడిన మంత్రిమండలిలో అందరూ సింహళీయులే. ఇక పూర్తి అధికారం తమకు బదిలీ చేయాలన్నది వారి కోరిక. అలా చేస్తే తమ గతేమిటన్నది తమిళుల, ముస్లింల భయం. వలస ప్రభుత్వం ఆ భయాన్నే సాకుగా చూపి అధికార బదిలీని వాయిదా వేయజూస్తోంది. వుల్ఫ్ ఆ సాకును తిరస్కరించారు. స్వపరిపాలన ఇవ్వవలసిందే. అయితే అల్పసంఖ్యాకుల భయం కల్పితం కాదు కనుక, అధికారాన్ని పెద్దయెత్తున ప్రాంతాలకు పంచాలని, స్విట్జర్లాండ్ తరహా ఫెడరల్ ఏర్పాటును పరిశీలించాలని సూచించారు. భాష, మతం, జాతి వేరైన సమూహాలు ఆ చిన్న దేశంలో ఒకే రాజ్యంగా ఎలా మనగలిగాయో ఎత్తిచూపారు. జాఫ్నాలో రెండేళ్లు తమిళంలో, హంబన్‌టోటలో మూడేళ్లు సింహళంలో అర్జీలు విన్నవాడు వ్రాసిన సూచన అది. ఆ చిన్న ద్వీపంలో రెండు లోకాలు ఉన్నాయని పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన అవసరం ఆయనకు లేదు.

ఎవరూ పట్టించుకోలేదు. ఫెడరల్ ఆలోచన సింహళ నాయకులకు తెలియనిదేమీ కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చిన యువ బండారనాయకే 1926లో దానిని సమర్థిస్తూ వ్యాసాలు వ్రాశాడు. అదే బండారనాయకే ప్రధాని అయ్యాక 1956లో సింహళాన్ని ఏకైక అధికార భాష చేస్తూ చట్టం తెచ్చాడు. అదే ఏడాది నవంబరు 1న ఇండియా భాషాప్రాతిపదికన రాష్ట్రాలను పునర్విభజించింది, ఆంధ్రప్రదేశ్ అవతరించింది. ఒక ఆత్మార్పణ, దాని వెంట చెలరేగిన దహనకాండ తరువాత గాని ఢిల్లీ ఆ దారికి రాలేదన్న మాట నిజమే. కాని వచ్చింది. కొలంబో రాలేదు. 1957లో తమిళ నాయకుడు చెల్వనాయకంతో బండారనాయకే ఒప్పందం కుదుర్చుకున్నాడు. భిక్షువుల ఒత్తిడికి తలొగ్గి మరుసటి ఏడాది దానిని రద్దు చేశాడు. 1958లో అల్లర్లు. 1959లో ఒక భిక్షువు చేతిలో ఆయన హత్య. ఆ తరువాతి కథ, 1983 జూలై, ఇండియా శాంతిసేన, శ్రీపెరుంబుదూర్, 2009 ముల్లివైక్కాల్, అందరికీ తెలిసినదే. ఇండియా ఒత్తిడి మీద 1987లో 13వ సవరణ ద్వారా వచ్చిన ప్రాంతీయ మండళ్లకు సైతం 2019 నాటికి గడువులు తీరిపోయాయి, ఆపైన ఏళ్ల తరబడి ఎన్నికలే లేవు. 1938 పత్రాన్ని అమలుచేసి ఉంటే ఇదంతా తప్పేదని చెప్పడం చరిత్రతో జూదమాడటమే. అయినా, తప్పించే దారి ఎవరికీ కనబడలేదన్న మాట మాత్రం చెల్లదు.

1941 మార్చి 28న వర్జీనియా నదిలో మునిగి ప్రాణం తీసుకున్నారు. ఆయన మరో ఇరవై ఎనిమిదేళ్లు బతికారు. ఆమె డైరీలనుంచి, చెదిరిన వ్యాసాలనుంచి సంపుటాలు కూర్చారు. సంపాదకుడిగా ఆయన చేసిన పనిలో లోకం గుర్తించింది అదే. ఎనభయ్యో ఏట స్వీయచరిత్ర ఆరంభించి అయిదు సంపుటాలు వ్రాశారు. 1969లో, ఆయన మరణించిన ఏడాదే వెలువడిన చివరి సంపుటంలో తన రాజకీయ జీవితాన్ని లెక్కకట్టారు. కమిటీలు, నివేదికలు, సంపాదకీయాలు, సభలు అన్నీ కలిపి లక్షా యాభై వేల నుంచి రెండు లక్షల గంటలు పనిచేసి ఉంటానని, అదంతా పూర్తిగా నిరర్థకమని తేల్చారు. ఆ కమిటీలలో కూర్చోవడానికి బదులు పింగ్‌పాంగ్ ఆడినా లోకం ఈ విధంగానే ఉండేదని ఆయన తీర్పు. చిల్లర లెక్క తప్పనివ్వని మనిషి వేసిన లెక్క కనుక దానిని వినయంగా కొట్టిపారేయలేము. నిరాశగా కూడా తీసుకోలేము. ఎందుకంటే ఆ పని మళ్లీ చేయవలసి వస్తే చేస్తానని, చేయడం తనకు ముఖ్యమని కూడా ఆయనే ఆ పుటలలోనే వ్రాశారు.

ఆ లెక్కకు తొమ్మిదేళ్ల ముందు, 1960 ఫిబ్రవరిలో, ఆయన నలభై తొమ్మిదేళ్ల ఎడబాటు తరువాత సిలోన్ వెళ్లారు. స్వతంత్ర ప్రభుత్వం ఆయనను ప్రముఖ అతిథిగా ఆదరించింది. జాఫ్నా, కాండీ, హంబన్‌టోట అన్నీ తిరిగారు. అధికారిగా ఉన్న రోజుల్లో దినదినం వ్రాసి ప్రభుత్వానికి పంపిన డైరీలు పుస్తకంగా అచ్చుకావడానికి ఆ యాత్ర దారితీసింది. పాలకుడి దినచర్యను పాలితుల వారసులు అచ్చువేయడం వలస చరిత్రలో అరుదైన సంఘటన. పాతకాలపు దొరల పాలనే నయమని తన చెవిన వేసినవారి మాటలను మాత్రం ఆయన పొంగిపోయి స్వీకరించలేదు.

ఆ యాత్రలోనే ఎనభై ఏళ్లు దాటిన ఒక వృద్ధుడు ఆయనను వెతుక్కుంటూ వచ్చాడు. ఒకప్పుడు హంబన్‌టోట జిల్లాలో ఊరి పెద్దగా పనిచేసినవాడు. ముసర వ్యాధి రోజుల్లో దొర తన విషయంలో చేసిన నిర్ణయం ఒకటి యాభై ఏళ్లుగా అతని మనసులో ముల్లులా మిగిలిపోయింది. దండలు వేయడానికి కాదు, ఆ తీర్పు న్యాయమైనదేనా అని అడగడానికి వచ్చాడు. ప్రముఖ అతిథి, పాత ముద్దాయి ఎదురెదురుగా కూర్చుని, చచ్చిపోయిన ఒక పశువు గురించి, అర్ధశతాబ్దం కిందటి ఒక ఉత్తర్వు గురించి మాట్లాడుకున్నారు. వుల్ఫ్ ఆ ఫిర్యాదును తన చివరి పుస్తకంలోకి ఎక్కించారు.